అరుంధతి చుక్కా, ఎర్ర గీతా

నేను ఒక లెన్సుని. కెమెరా ముందు పొడుచుకొచ్చి ఉంటుందే, ఆ గాజు కన్నుని. ముందే చెప్పేస్తున్నాను, నేను కంపెనీ లెన్సుని కాను. అలాగని డూప్లికేటునీ కాను. ఈ రెండో మాట ఎంతమందికి చెప్పాలని నాలుక దురద పెట్టిందో! నాలుకంటూ లేక ఊరుకున్నాను. ఇన్నాళ్ళకి మీరు దొరికారు, కాస్త ఓపిక పట్టండి.

నన్ను కన్నవాళ్ళు కెమెరాలు చెయ్యరు, లెన్సులే చేస్తారు. పెద్ద కంపెనీల కెమెరాలకి అతికేలా మమ్మల్ని తయారుచేసి, మెడ మీద తమ పేరు రాసి పంపిస్తారు. అంటే నాది ఇల్లరికపు అల్లుడి బతుకన్నమాట. ఇల్లు వాళ్ళది, చాకిరీ నాది. సముద్రాల అవతల ఫ్యాక్టరీలో గాజుని కరిగించి, అరగదీసి, మెరుగుపెట్టి, దుమ్ము పడకుండా ఒక్కో బిళ్ళనీ పేర్చి నన్ను బిగించారు. కంపెనీ లెన్సునీ అలాగే చేస్తారు. కాకపోతే వాళ్ళ గాజు మీద పూత ఇంకాస్త మంచిది, లోపలి మోటారు ఇంకాస్త చురుకైనది. ఉన్నమాట దాచుకోవడం దేనికి?

రాజమండ్రిలో ఒక షాపులో, అద్దాల బీరువాలో కూర్చున్నాను. నా పక్కనే కంపెనీ లెన్సు, మూతి చుట్టూ కంపెనీ గుర్తైన ఎర్ర గీతతో దర్జాగా ఉండేది. వచ్చినవాళ్ళు దాన్ని చూసి మురిసిపోయేవారు. ధర విని నావైపు తిరిగేవారు. నా పేరు చదివి మొహం చిట్లించి వెళ్ళిపోయేవారు.

ఒకరోజు పాలకొల్లు నుంచి వీరవేణి వచ్చింది. ఒక స్టూడియోలో ఏళ్ళ తరబడి పెళ్ళి ఆల్బములు తయారుచేసిన మనిషి. ఎవరెవరో తీసిన ఫోటోలకి రంగులు దిద్దీ దిద్దీ విసుగెత్తి, ఇక తనే తీస్తానని సొంత స్టూడియో పెట్టబోతోంది. వెంట మొగుడు త్రిమూర్తులు ఉన్నాడు, సరుకుల వ్యాను నడుపుతాడు. ఆవిడ మా ఇద్దర్నీ అడిగి తీసుకుని, మొగుణ్ణి షాపు బయట నిలబెట్టింది.

"మామూలుగా ఉండండి."

"మామూలుగా అంటే ఎలాగే?" అంటూ అతను కొయ్యలా బిగుసుకుపోయాడు.

మా ఇద్దరితోనూ చెరో ఫోటో తీసి, తెర మీద పెద్దది చేసి చూసింది. "మీ గడ్డం మాసిందని రెండూ ఒకేలా చెబుతున్నాయండి" అని నవ్వింది. తర్వాత ఎండకి ఎదురుగా పెట్టి తీసింది. అక్కడ నా బండారం బయటపడింది. కంపెనీ లెన్సు చెక్కుచెదరలేదు. నా ఫోటో మాత్రం మసకేసి, మధ్యలో గుండ్రంగా ఓ వెలుగు చుక్క పడింది.

"ఎండ కంట్లో పడితే దీని బుద్ధి అంతేనమ్మా" అన్నాడు షాపాయన.

"అయితే కంపెనీదే తీసుకుందాం. అప్పో సప్పో చేద్దాంలే" అన్నాడు త్రిమూర్తులు.

"వద్దండి. వెలుగు ఎటుందో చూసుకుని నిలబడతాను. మిగిలినదాంతో రెండు లైట్లొస్తాయి" అంది వీరవేణి. నా లోపం కళ్ళారా చూసి మరీ నన్నే ఎంచుకుంది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. మొదటి పెళ్ళివారు స్టూడియోకి వచ్చి, ఆవిడ నమూనాకి తీసి పెట్టిన ఫోటోలు బాగున్నాయన్నారు. తర్వాత నన్ను చూశారు. "ఎర్ర గీత లేదేంటమ్మా? డూప్లికేటా?" అన్నారు. "కాదండి, వేరే కంపెనీదండి" అంటే, "అదేలే" అంటూ లేచారు. రెండోవారూ అంతే. ఆ సాయంత్రం వీరవేణి కంచం ముందు కూర్చుని, కలిపిన అన్నం కలిపినట్టే వదిలేసి లేచింది. గోళ్ళరంగు సీసా తెచ్చి, నా మూతి అంచు చుట్టూ ఎర్రగా ఒక గీత గీసింది. పనయ్యేదాకా నా మొహంలోకి చూడలేదు.

"ఏవే, ఇది తప్పు కాదా?" అన్నాడు త్రిమూర్తులు.

"గీతే కదండీ. ఎవరి సొమ్మైనా తిన్నామా?" అంది. గొంతులో బింకమే తప్ప బలం లేదు.

చూడండి మనుషుల వైభోగం! మర్నాటి నుంచి నాకు మర్యాదలు మొదలయ్యాయి. ఎరువుల కొట్టు సత్తిరాజు గారు వచ్చాడు. ఆయన సరేనంటే తప్ప వాళ్ళ బంధువర్గంలో పెళ్ళికి పందిరైనా లేవదు. అన్నగారమ్మాయి ఉదయశ్రీ పెళ్ళి. కళ్ళజోడు సవరించుకుని నా గీతని చూసి, "అదీ! కంపెనీ లెన్సు క్లారిటీయే వేరు అమ్మాయ్. ఫోటో చూసి చెప్పేస్తాను నేను. ఇది బాగా తియ్యి, ఈ సీజన్లో మావాళ్ళ పెళ్ళిళ్ళన్నీ నీవే" అన్నాడు. పని బాగుంటే వీరవేణి నిలదొక్కుకున్నట్టే. గీత సంగతి బయటపడితే మాత్రం పాలకొల్లులో మళ్ళీ ఆవిణ్ణి పిలిచేవాడుండడు.

పగటి ముహూర్తం. జనం, చెమట, హోమం పొగ. వీరవేణి నా పేరు కనపడకుండా అరచెయ్యి కప్పే పట్టుకుంది. సత్తిరాజు ఊరుకోడే! మగపెళ్ళివాళ్ళని పిలిచి మరీ "కంపెనీ లెన్సండి!" అని చూపించేవాడు. అన్నప్పుడల్లా ఆవిడ తల వంచుకునేది.

తాళి కట్టాక పంతులు గారు దంపతుల్ని పందిరి బయటికి తీసుకొచ్చి, "అదిగో అరుంధతీ నక్షత్రం, కనిపించిందా?" అన్నారు. పట్టపగలు చుక్కేమిటి, కనిపించడమేమిటి! అయినా పెళ్ళికొడుకు కళ్ళు చికిలించి "కనిపించిందండి" అన్నాడు. పెళ్ళికూతురు వేలు చాపి "ఆయ్, కనిపించింది" అంది. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న సత్తిరాజు కూడా "నాక్కూడా" అన్నాడు. వీరవేణి ఎప్పుడూ ఎండని వెనక పెట్టుకునే నిలబడేది. ఆరోజు చుట్టాలు తోసుకుంటూ వచ్చేసరికి ఎండకి ఎదురుగానే చోటు మిగిలింది. నేలమీద గొంతుకూర్చుని నొక్కేసింది. ఎండ సూటిగా నా కంట్లో పడింది.

ఇంటికెళ్ళి చూస్తే, మసకమసక ఆకాశంలో, సరిగ్గా ఉదయశ్రీ వేలికొసన, నా వెలుగు చుక్క! చెరిపేద్దామని వీరవేణి చెయ్యి వెళ్ళింది. అలాంటి మచ్చలు చెరపడం ఆవిడకి చిటికెలో పని. "బాగుందండీ, ఉండనిద్దాం" అంది మొగుడితో. అంతకుమించి ఏమీ అనుకోలేదు, పాపం.

వారం తిరిగాక సత్తిరాజు ఇంట్లో కొత్త దంపతులతో సహా అందర్నీ కూర్చోబెట్టి ఫోటోలు చూపించింది. ఆ ఫోటో రాగానే అందరూ తెర దగ్గరికి జరిగారు. తర్వాత ఒక్కసారిగా గోల. "అరుంధతే! సాక్షాత్తూ!" ఒకావిడ తెరని తాకి కళ్ళకద్దుకుంది. సత్తిరాజు లేచి నిలబడి, "చెప్పానా! మన కంటికి ఆననిది కంపెనీ లెన్సుకి ఆనింది!" అన్నాడు. ఉదయశ్రీ మాత్రం నాన్నమ్మ మాణిక్యమ్మ గారి భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.

"ఆరోజు నాకు కనపడలేదు నాన్నమ్మా. కనపడిందని అబద్ధం చెప్పాను. అప్పట్నుంచీ మనసు పీకుతూనే ఉంది. ఇప్పుడు చూశాను."

వీరవేణి మొహం పాలిపోయింది. ఊరుకుంటే సీజనంతా పనే. నేను మనసులో అన్నాను, ఊరుకోవే తల్లీ, ఎవరికి నష్టం? ఆవిడ ఊరుకోలేదు. నన్ను బల్లమీద పెట్టి, అందరూ చూస్తుండగా నా మూతిని గోటితో గీకింది. ఎర్ర పొట్టు రాలింది.

"అది అరుంధతి కాదండి. ఎండ పడితే నా లెన్సుకి చుక్క పడతందండి, దాని లోపం. ఇది కంపెనీది కూడా కాదండి. ఈ గీత గోళ్ళరంగండి."

"అయితే మా పెళ్ళంతా డూప్లికేటుతో తీశావా? ఎంత మోసం!" అని సత్తిరాజు కేకలేశాడు.

"డూప్లికేటు కాదండి, వేరే కంపెనీదండి. ఫోటోలు నేను తీసినవేనండి. గీత ఒక్కటే అబద్ధమండి. తప్పైపోయిందండి." ఎవరి మొహంలోకి చూడాలో వాళ్ళ మొహంలోకే చూసి చెప్పింది. నేను జీవితమంతా చెప్పాలనుకున్న మాట ఆవిడ అందరిముందూ చెప్పేసింది.

మాణిక్యమ్మ గారు కొడుకువైపు చూసింది. "ఒరే సత్తీ, ఇందాకటిదాకా నీకు క్లారిటీలో తేడా ఏవైనా తెలిసిందా?"

సత్తిరాజు దగ్గాడు.

"నా పెళ్ళిలో నాకూ ఆ చుక్క కనపళ్ళేదురా. మీ నాన్నకీ కనపళ్ళేదు. ఇద్దరం కనపడిందనే అన్నాం. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పింది ఈ పిల్లొక్కతే. మిగతా పెళ్ళిళ్ళూ దీనికే ఇయ్యి. ఇంకెప్పుడూ ఇలాంటి గీతలు గియ్యకే పిల్లా."

"గియ్యనండి మామ్మగారూ" అంది వీరవేణి, కళ్ళు తుడుచుకుంటూ. "ఆ చుక్క తీసేసి ఆల్బంలో పెడతానండి."

"వద్దక్కా, ఉంచెయ్యండి" అంది ఉదయశ్రీ. "అరుంధతి కాకపోతే పోనీండి. ఆయనకీ నాకూ కలిపి కనపడింది ఇదొక్కటే."

ఇదంతా జరిగి చాలాకాలమైంది. తర్వాత వీరవేణి కంపెనీ లెన్సు కూడా కొంది. మంచిదే, పనిమంతురాలు, దానిమీద నాకేం కోపం లేదు. నాకు వయసైపోయింది. తిప్పే కట్టు వదులైంది, గాజు లోపల బూజు పట్టింది. స్టూడియో అరలోనే ఉంటున్నాను. పెళ్ళిళ్ళకి మాత్రం సంచిలో ఓ మూల నన్నూ పడేసుకెళుతుంది. పంతులు గారు దంపతుల్ని బయటికి తెచ్చే వేళకి నన్ను తీసి బిగిస్తుంది. "మాకూ ఆ చుక్క కావాలండి" అని అడుగుతున్నారు మరి. "అది నక్షత్రం కాదండి, పాత లెన్సు లోపమండి" అని ప్రతి ఒక్కరికీ చెబుతుంది. "తెలుసండి, అదే కావాలి" అంటారు. ఒక్కోసారి పడుతుంది, ఒక్కోసారి పడదు.

సత్తిరాజు ఇప్పటికీ వస్తాడు, పెళ్ళివాళ్ళని వెంటేసుకుని. "ఈ చుక్క కంపెనీ లెన్సులకి పడదండి. ఫోటో చూసి చెప్పేస్తాను నేను" అంటాడు. వాళ్ళు నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతారు. మూతి అంచు సందులో కాస్త ఎర్రరంగు ఇంకా మిగిలే ఉంది. మెడ మీద నా పేరు సగం చెరిగిపోయింది. వీరవేణి అరచెయ్యి ఇప్పుడు దానిమీద ఉండటం లేదు. ఎవరైనా కళ్ళు చికిలించి చదవబోతే, తనే వెలుగులోకి తిప్పి చూపిస్తుంది.