కదిలించే ముందు చెప్పాలి

“మలుపు దాటిపోయావే! మళ్ళీ దాటిపోయావు!” అంటూ సుమియే కారు తలుపు మీద అరచేత్తో చరిచింది.

“చరిస్తే కారు వెనక్కి పోతుందా? ఇక్కడన్నీ ఒకవైపు దారులేనని నీకు తెలియదూ? ఇంకో చుట్టు తిరిగి రావాల్సిందే,” అంది ఫుసాకో. ముక్కు స్టీరింగుకి తగిలేటంత వంగి నడుపుతోంది ఆమె.

అక్క సుమియేకి ఎనభై దాటాయి, చెల్లెలు ఫుసాకో దాటబోతోంది. ఆ మధ్యాహ్నం నుంచీ ఇద్దరూ హవాయిలోని హొనొలులు ఊరి పైన, పూవోవైనా కొండమీది సైనికుల శ్మశానంలో తిరుగుతున్నారు. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతపు గుంట అది. గుంట నిండా పచ్చిక, పచ్చికలో వేలకు వేలు పలకరాళ్ళు. నిలబెట్టిన రాళ్ళయితే దూరం నుంచైనా ఆనవాలు దొరికేది. ఇవి నేలకి సమంగా పరిచినవి. దగ్గరికెళ్ళి తల వంచితే తప్ప ఏ రాయి ఎవరిదో తెలియదు.

మిగతావాళ్ళకి ఆ చిక్కు లేదు. ఆఫీసు ముందున్న మిషన్లో పేరు నొక్కితే భాగమూ, వరసా, నంబరూ కాగితం మీద వచ్చేస్తాయి. సుమియే వెతికే రాయికి పేరే లేదు. ‘గుర్తు తెలియని సైనికుడు, కొరియా’ అని చెక్కి ఉంటుంది, అంతే. అలాంటి రాళ్ళు అక్కడ వందల్లో ఉన్నాయి.

వాళ్ళన్న సేకిచి పంతొమ్మిదో ఏట అమెరికా సైన్యంతో కొరియా యుద్ధానికి వెళ్ళి మంచులో కనబడకుండా పోయాడు. కొన్నేళ్ళకి, ఎవరివో తేలని ఎముకలు ఓడల్లో వచ్చాయి, ఈ గుంటలో పూడ్చారు అని కబురు తెలిసింది. అమ్మ ఇద్దరు కూతుళ్ళనీ వెంటబెట్టుకుని కొండెక్కింది. రాళ్ళ మధ్య తిరిగి తిరిగి, ఒక నిద్రగన్నేరు చెట్టు నీడలో ఒక రాయి పక్కన కూలబడింది. “ఇక్కడే ఉన్నాడు,” అంది. ఆ రోజు నుంచీ అది సేకిచి సమాధి.

అమ్మ త్వరలోనే పోయింది, ఆ పని సుమియే అందుకుంది. నెలనెలా పూలూ, నూనెలో వేయించిన అందాగి ఉండలూ, చిన్న గ్లాసులో సాకే సారా. ఇన్నేళ్ళూ వచ్చింది గాని ఆ రాతి మీదున్న నంబరు ఒక్కనాడూ చదవలేదు. అన్న దగ్గరికి పోతూ ఎవరైనా నంబరు చూసుకుంటారా? చెట్టుకి వీపు పెట్టి కొండ అంచు వైపు నడిస్తే, ఆగాల్సిన చోట కాళ్ళే ఆగేవి.

తుంటి ఎముక విరిగి రెండేళ్ళు ఇల్లు కదల్లేదు. మొన్న, తప్పిపోయిన సైనికుల కుటుంబాలకి మిలిటరీవాళ్ళు పెట్టిన మీటింగుకి మాత్రం చెల్లెలు తీసుకెళ్ళింది. కొరియా నుంచి వచ్చిన పేరు లేని వాళ్ళనందరినీ విడతలుగా తవ్వి తీసి, ల్యాబుకి పంపి, ఎవరు ఎవరో తేలుస్తారట. రేపు పొద్దున్న తవ్వేది ఆ రాయి ఉన్న వైపేనట. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. సుమియే చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. వాడికి ఎవరు చెబుతారు?

జపాను దీవి ఒకినావా నుంచి వచ్చిన వాళ్ళ కుటుంబాల్లో ఎముకల్ని చెప్పకుండా కదిలించరు. చెప్పకపోతే ఎముకలు వెళ్ళిపోతాయి, మనిషిలోని ఆత్మ, మబుయి, దారి తెలియక అక్కడే ఉండిపోతుంది. చిన్నప్పుడు పిల్లలెవరైనా చెట్టు మీంచి పడితే, అమ్మ ముందు పడ్డ చోటికి పరిగెత్తి, నేలని తట్టి, “మబుయీ, రా, ఇంటికి పోదాం రా” అని పిలిచేది. దెబ్బ సంగతి ఆ తర్వాతే. మంచులో ఒకసారి తప్పిపోయినవాడు ఈ గడ్డిలో రెండోసారి తప్పిపోతే, ఇక వాణ్ణి పిలిచేవాళ్ళు ఎవరున్నారు?

ఈసారి ఫుసాకో మలుపు దాటకుండా కారాపింది. సుమియే కర్ర పట్టుకుని దిగింది. చెట్టు లేదు.

ముందు దారి తప్పామనుకుంది. అటు చూసింది, ఇటు చూసింది. వంపు అదే, కొండ అంచు అదే. మధ్యలో చెట్టు ఉండాల్సిన చోట ఎండ పడుతోంది.

చిన్న బండి మీద కాపలా తిరుగుతున్న అమ్మాయి వాళ్ళ దగ్గర ఆగింది. సమోవా పిల్ల, పేరు లోసా అని చొక్కా మీద ఉంది.

“ఏం వెతుకుతున్నారు ఆంటీ?”

“ఇక్కడ నిద్రగన్నేరు చెట్టు ఉండాలి తల్లీ.”

“పుచ్చిపోయాయని పోయినేడు కొట్టేశారు ఆంటీ. మొదళ్ళు కూడా పీకేసి గడ్డి పరిచేశారు.”

“పుచ్చిపోయాయా? ఎన్ని కొట్టారు?”

“ఈ వరసంతా కొట్టారు. మీ రాయి నంబరు చెప్పండి, నేను తీసుకెళ్తా.”

సుమియే చెల్లెలి వైపు చూసింది.

“నంబరుంటే నిన్నెందుకమ్మా అడుగుతాం?” అంది ఫుసాకో. “మా అక్క అరవై ఏళ్ళు ఆ రాయికి సారా పోసింది గాని, దాని నంబరు మాత్రం చూడలేదు.”

లోసా నవ్వబోయి, సుమియే మొహం చూసి ఆగిపోయింది. “పొద్దుగూకే లోపు గేటు మూసేస్తాం ఆంటీ. త్వరగా చూసుకోండి,” అని బండి ముందుకి పోనిచ్చింది.

సుమియే గడ్డిలోకి దిగింది. కర్ర కొన మెత్తటి నేలలో దిగబడుతోంది. ప్రతి రాయి దగ్గరా వంగి చదివింది. పేరున్నది, పేరు లేనిది, పేరు లేనిది, మళ్ళీ పేరున్నది. కొండ అంచు వైపు తిరిగి కళ్ళు మూసుకుని నడిచి చూసింది. కాళ్ళు ఎక్కడా ఆగలేదు. చెట్టు నీడలో చల్లగా తగిలే నేలని గుర్తుపట్టిన కాళ్ళవి. ఇప్పుడు నేలంతా ఒకేలా వెచ్చగా ఉంది.

చివరికి ఒక రాయి దగ్గర నడుము పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. “ఇదే. ఇదేనే ఫుసాకో.” చెయ్యి రాతి మీద ఆనించి, “సేకిచి అన్నా...” అని మొదలుపెట్టింది. పక్క రాయి మీద చూపు పడింది. దాని అంచుకీ అదే నాచు, అదే బీట. చేతిని వెనక్కి తీసుకుంది.

“ఇది కాదేమో. నువ్వూ వచ్చావుగా ఆ రోజు. గుర్తు తెచ్చుకో. అమ్మ ఎక్కడ కూర్చుంది?”

“నాకేం గుర్తుంటుంది? అమ్మకి కాళ్ళు పీకి కూర్చుంది. ఇంకో చెట్టు కింద కూర్చుని ఉంటే ఇంకో రాయి అన్నయ్య అయ్యుండేది.”

“నోర్ముయ్యి.”

“నువ్వు లే ముందు. గడ్డి తడి, తుంటికి మంచిది కాదు.”

“నా తుంటి సంగతి తగలెయ్యి! రేపు పొద్దున్నే వస్తారు. వాడికి చెప్పకుండా ఎత్తుకుపోతారు. వాడు ఇక్కడే ఉండిపోతాడు. చెట్టు కూడా లేని చోట, ఒక్కడే...” సుమియే రెండు చేతులతో గడ్డిని పట్టుకుని ఏడ్చింది. పళ్ళ సెట్టు కదిలేటట్టు, చిన్నపిల్లలా ఏడ్చింది.

ఫుసాకో కొండ అంచు మీద జారిపోతున్న ఎండని చూసింది. తర్వాత అక్క చంకల కింద చేతులు వేసి లేవదీసింది.

“ఎందులో ఉన్నాడో తెలియకపోతే అన్నింటికీ చెబుదాం. ఈ వైపున పేరు లేని రాళ్ళన్నింటికీ. నువ్వు ఇటు నుంచి, నేను అటు నుంచి.”

“అన్నింటికీనా?”

“అన్నింటికీ. కానీ అక్కా, పేరు పెట్టి పిలవకు.”

“అదేం?”

“లోపలున్నది ఎవరి బిడ్డో. సేకిచీ అని పిలిస్తే, తననే కాబోలు అనుకుని ఆ పేరు వెంట లేచి వచ్చేస్తాడు. మనింటికొచ్చి ఏం చేస్తాడు పాపం? మనమెవరో తెలియదు, మన కూర కూడా సయించదు. వాడి కోసం వాడి ఇంటి దగ్గర ఎవరో చూస్తుంటారు.”

సుమియే కన్నీళ్ళు ఆగిపోయాయి. “మరి ఇన్నేళ్ళూ నేను పిలిచింది?”

ఫుసాకో వంగి, పూలతోపాటు తెచ్చిన, చెడు సోకకుండా వాడే కీ అనే చెట్టు ఆకుల కట్టని రెండుగా చీల్చి, సగం అక్క చేతిలో పెట్టింది.

అరవై ఏళ్ళు. నెలనెలా వచ్చి, ఎవరి బిడ్డనో పట్టుకుని ‘సేకిచీ, సేకిచీ’ అని పిలిచింది. వాడి సొంతవాళ్ళు ఏ ఊళ్ళో నుంచో వాడి అసలు పేరుతో పిలుస్తుంటే, తన కేకల్లో అది వాడికి వినబడకుండా పోయిందేమో. అయినా సుమియే నడిచింది.

మొదటి రాయిని ఆకులతో తట్టింది. “అన్నా, రేపు నిన్ను కదిలిస్తారు. భయపడకు. నీ ఎముకల వెంటే వెళ్ళు. ఇక్కడ ఉండిపోకు.” రెండో రాయి. “అన్నా, రేపు నిన్ను కదిలిస్తారు...” అవతలి కొస నుంచి ఫుసాకో గొంతు వినబడుతోంది. ఇంట్లో పనిమీద కేకలేసినట్టు చెబుతోంది: “లేవండి, తయారవండి, రేపు బయల్దేరాలి మీరు. వినబడుతోందా?”

ప్రతి రాయి దగ్గరా ‘అన్నా’ అనగానే నాలుక తర్వాతి మాటకి అలవాటుగా లేచేది. సుమియే దాన్ని పళ్ళ మధ్య నొక్కి పెట్టేది. చెప్పేకొద్దీ రాళ్ళు తరుగుతాయనుకుంటే, ఏటవాలు దిగేసరికి ఇంకా కనబడుతూనే ఉన్నాయి. గొంతు బొంగురుపోయింది. ఆకులు చీలికలైపోయాయి.

లోసా బండి వచ్చి ఆగింది. “ఆంటీ, టైమైపోయింది. గేటు వెయ్యాలి.”

“అదిగో, ఆ కింది వరసలు కాలేదు తల్లీ.”

“రేపు రండి ఆంటీ.”

“రేపు తవ్వేస్తారు!” అని అరవబోయింది సుమియే. గాలే వచ్చింది, మాట రాలేదు.

లోసా ఇద్దరినీ ఎక్కించుకుంది. బండి దారి దిగి గడ్డిలోకి పోకూడదు. అందుకని పిల్ల దాన్ని దారి మీదే, నడక కన్నా నెమ్మదిగా, కింది వరసల అంచునే పోనిచ్చింది. ఫుసాకో కమ్మీ పట్టుకుని లేచి నిలబడింది. ఇన్నేళ్ళూ ఆ రాయి పేరెత్తితే మూతి తిప్పిన మనిషి గుండెలవిసేలా కేకపెట్టింది.

“అన్నలారా! రేపు మిమ్మల్ని కదిలిస్తారు! వెంట వెళ్ళండి! ఒక్కరు కూడా ఉండిపోకండి!”

గాలి ఎదురుగా కొడుతోంది. మాటలు ఎంత దూరం పోయాయో తెలియదు. బండి మలుపు తిరిగింది. ఆ కొసన ఉన్న రాళ్ళు దారిలోంచి కనబడనే కనబడవు.

“వాళ్ళకి వినబడిందంటావా?” అంది సుమియే బొంగురు గొంతుతో.

“నాకేం తెలుసక్కా?”

కారులో బయటికి వచ్చాక వాళ్ళ వెనకే లోసా గేటు లాగింది. సుమియే దిగి ఇనుప ఊచలు పట్టుకుంది. గుంటలో నీడ సగానికి పైగా ఎక్కింది. ఏ రాయీ విడిగా కనబడటం లేదు.

“ఒక్కసారి. ఒక్కసారి పేరు పెట్టి పిలవనీయవే. వాడైతే, పేరు వింటే తప్ప కదలడు. చిన్నప్పుడు కూడా అంతేగా.”

“వద్దక్కా.”

“ఒక్కసారే.”

ఆమె నోరు తెరిచేలోగా ఫుసాకో వెనక నుంచి వచ్చి, అరచేతిని అక్క నోటికి అడ్డం పెట్టింది. గట్టిగానే పెట్టింది. సుమియే దాన్ని తోసెయ్యలేదు. ఆ అరచేతి కింద ఆమె పెదవులు ఆ పేరుని పలుకుతూనే ఉన్నాయి, చప్పుడు లేకుండా.