ఐదింటి భోజనం

దశరథ్‌కు చౌటుప్పల్ మందుల కంపెనీలో రాత్రి డ్యూటీ. సాయంత్రం ఐదున్నరకల్లా కంపెనీ బస్సు ఇంటి ముందుకు వస్తుంది. పొద్దున అతను తిరిగొచ్చేసరికి కూతురు సుమన బడికి వెళ్లిపోయి ఉంటుంది. అందుకని భార్య నవనీత రాత్రి భోజనం ఐదింటికే వడ్డించేది. నలుగురూ కింద కూర్చుని తినేవాళ్లు.

"పొద్దు గూకకముందే రాత్రి బువ్వ. వాడకట్టంత నవ్వుతాంది," అనేది అత్త కృష్ణమ్మ, అందరికంటే ముందు పీట వాల్చుకుని.

కొత్త బడిలో చేరాక సుమన మాట తగ్గింది. గోళ్లు నెత్తురొచ్చేదాకా కొరికేది. ఏమైందని అడిగితే "ఏం లేదు" అనేది. తండ్రి పక్కన కంచం ముందు కూర్చున్నప్పుడే, అదీ రెండోసారి పప్పు వేశాక, ఒక్కో మాట బయటికొచ్చేది.

దసరా సెలవుల తర్వాత సుమన చదివే ఏడో తరగతికి ఆరున్నర దాకా స్టడీ అవర్ పెట్టారు. నవనీత ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది.

"అన్నం కోసం పిల్లను తీస్కపోతరా? బాక్సు కట్టి పంపుండ్రమ్మా," అన్నాడు కమలాకర్ సార్.

"బాక్సు దానితోని మాట్లాడదు గద సార్."

"ర్యాంకు రాకుంటె మమ్మల్ని అడగొద్దు మరి."

"అడగం. బడి ఇడిసే యాళ్లకు గేటు కాడ ఉంట."

రోజూ ఉంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం సుమన అన్నంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. దశరథ్ ఏమీ అడగలేదు. డ్యూటీలో ఒకతను టోపీ తిరగేసి పెట్టుకున్న సంగతి చెప్పాడు. కృష్ణమ్మకు నవ్వి నవ్వి పొలమారింది.

"బాపూ," అంది సుమన. "కమలాకర్ సారు నన్ను అందరి ముందట బువ్వపిల్ల అన్నడు. క్లాసంత నవ్విండ్రు."

తన పంతమే పిల్లకు ఈ మాట తెచ్చిపెట్టిందనిపించింది నవనీతకు.

"నువ్వేమన్నవు బిడ్డా?" అన్నాడు దశరథ్.

"నేను లేచి నిలబడి..."

బయట హారన్ మోగింది. సుమన తల వంచుకుంది. "పో బాపూ. రేపు చెప్త."

రేపు అడిగితే "ఏం లేదు" అంటుందని నవనీతకు తెలుసు.

"నువ్వు కూసో," అని భర్తతో చెప్పి, ఎంగిలి చేత్తోనే వెళ్లి బస్సు ముందు నిలబడింది.

"ఏమైందక్కా? దశరథన్న రాడా?" డ్రైవర్ గురవయ్య తల బయట పెట్టాడు.

"వస్తడు. మా పిల్ల ఒక మాట చెప్తాంది. అయినంక వస్తడు."

"సూపర్‌వైజర్ తిడతడక్కా!"

"నా పేరు చెప్పు."

బస్సులో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంట్లో నుంచి సుమన గొంతు గట్టిగా వినిపించింది. "ఔ సార్, రోజు మా బాపుతోని తింట. మీరెవ్వరితోని తింటరు సార్ అని అడిగిన!"

"అబ్బ! గట్లనే అడిగినవా? ఇంకా?" కృష్ణమ్మ గొంతు.

గురవయ్య మళ్లీ హారన్ మీద చేయి పెట్టాడు.

"కొట్టకు," అంది నవనీత.