బయటి గీత

"నువ్వు పరిగెత్తి ఏ మంట ఆర్పాలమ్మా? పొయ్యి మీద పాలు పొంగకుండా చూసుకో, అదే పదివేలు," అంది అత్తగారు.

ఆమె నాలుగు డబ్బాలకు మూతలు పెట్టింది. ఒకటి ఆయనకి, ఒకటి కూతురికి, ఒకటి మధ్యాహ్నానికి అత్తగారికి, ఒకటి తనకి. తనదాన్లో ఉన్నది గిన్నె అడుగున మాడింది. గడియారంలో తెల్లవారుజాము నాలుగున్నర. ఐదింటికి గ్రౌండులో ఉండాలి. ఈలోగా బట్టలు నానబెట్టాలి, మోటారు వెయ్యాలి, స్కూలు యూనిఫారం కుర్చీ మీద పెట్టాలి.

అగ్నిమాపక శాఖలోకి ఆడవాళ్ళనీ తీసుకుంటున్నారని తెలిసి దరఖాస్తు పెట్టింది. దర్జీ షాపులో కాజాలు తీసేటప్పుడు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదివింది. రాత పరీక్ష గట్టెక్కింది. మిగిలింది దేహదారుఢ్య పరీక్ష. బరువు మోయడం ఆమెకి ఒక లెక్క కాదు. గ్యాసు సిలిండరు మూడంతస్తులు ఎక్కించిన నడుము అది. గ్రౌండులో మనిషంత ఇసుక బొమ్మను, డెబ్భై కిలోలది, భుజాన వేసుకుని నడిచిన రోజు అక్కడి కుర్రాళ్ళు ఈలలు మానేసి చూశారు. పరుగే కుదరడం లేదు. ఎనిమిది వందల మీటర్లు నాలుగు నిమిషాల్లో రావాలి. ఆమెకి పద్దెనిమిది సెకన్లు ఎక్కువ పడుతోంది. మూడు వారాలుగా అంతే. ఎంత చచ్చీచెడీ పరిగెత్తినా ఆ పద్దెనిమిది దిగదు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది.

ఆయన మంచివాడు. తాగడు, కొట్టడు. ఆ సంగతి అందరూ ఆమెకే చెబుతారు, ఆమెకేదో లాటరీ తగిలినట్టు. సోమవారం ఆయన నెమ్మదిగానే అన్నాడు.

"చూడు, నేనేమీ అడ్డం పడను. ఆదివారం నేనే వచ్చి చూస్తాను. నాలుగు నిమిషాల్లో వస్తే పరీక్షకి వెళ్ళు. రాకపోతే మానెయ్. ఇల్లు ఇల్లులా లేదు."

"పొద్దున్న పనంతా చేసుకుని వెళ్తున్నాను కదండీ. కాళ్ళు అక్కడికి వెళ్ళేసరికే అలిసిపోతున్నాయి."

"రోజుకి ఇరవై నాలుగు గంటలు. నాకూ అంతే, నీకూ అంతే. నేను ఉద్యోగం చెయ్యట్లేదా?"

ఆ మాట తప్పని ఆమెకి తెలుసు. ఎక్కడ తప్పో తెలియలేదు. అందుకే ఊరుకుంది. పెళ్ళైన పదేళ్ళలో ఊరుకున్న మాటలన్నీ మూట కడితే ఆ డెబ్భై కిలోల బొమ్మకంటే బరువుంటాయి.

గ్రౌండులో శిక్షణ ఇచ్చేది విజిల్ సార్. ముప్ఫై ఏళ్ళు మంటల్లో పని చేసి రిటైరైనవాడు. విజిల్ నోట్లో పెట్టుకునే మాట్లాడతాడు. ఆయన దగ్గరికి పోలీసుకీ మిలటరీకీ తయారయ్యే కుర్రాళ్ళు నలభై మంది వస్తారు. ఆడవాళ్ళు ఆరుగురు. మొదటి రోజే, గ్రౌండు చుట్టూ సున్నంతో గీసిన గీతలు చూపించి చెప్పాడు.

"ఆడపిల్లలందరూ బయటి గీత పట్టుకుని పరిగెత్తండి. వీళ్ళు దున్నపోతుల్లా వస్తారు. తగిలితే పళ్ళు రాలిపోతాయి."

మంచికే చెప్పాడు. వాళ్ళూ మంచికే అనుకున్నారు. ఆ గీత దాటి ఒక్క రోజూ లోపలికి రాలేదు.

"టైలరక్కా! ఆ ఊపిరంతా ఎవరికి దాస్తున్నావు? వదులు!" అని అరుస్తాడు. పరుగు అయ్యాక వీపు మీద చెయ్యి వేసినట్టు మాట్లాడతాడు. "ఆడవాళ్ళ ఒళ్ళు ఇంతేనమ్మా. నీ తప్పేం లేదు." అరుపు ఆమెని ఏమీ చెయ్యలేదు. ఓదార్పే లోపలికి దిగింది. పోయినేడు ముగ్గురు ఆడపిల్లలు ఆ ఓదార్పు విని ఇంటికి వెళ్ళిపోయారట.

శనివారం షాపులో చిన్నపిల్ల గౌను కుడుతోంది. గుండ్రంగా విచ్చుకునే గౌను. కింది అంచుకి లేసు కుట్టాలి. సగం పైగా కుట్టాక లేసు అయిపోయింది. తగ్గింది జానెడూ రెండు జానలూ కాదు, చాలా. యజమాని తలెత్తి చూశాడు.

"ఏమ్మా, నిద్ర మొహంతో కోశావా? నడుముకి కొలిచి అంచుకి కోస్తే ఎలా సరిపోతుంది? అంచు తిరిగి రావాలంటే ఎంత లేసు కావాలి?"

పదిహేనేళ్ళ అనుభవంలో అలాంటి తప్పు చెయ్యలేదు. సిగ్గుతో లేసు విప్పుతోంది. విప్పుతూ విప్పుతూ ఆగింది. గౌనుని బల్ల మీద పరిచింది. నడుం దగ్గర ఒక చుట్టు వేలితో తిరిగింది. అంచు దగ్గర ఒక చుట్టు తిరిగింది. కాలు మిషను మీది నుంచి జారిపోయింది.

ఆదివారం తెల్లవారగానే బట్టలారేసే తాడు పట్టుకుని గ్రౌండుకి వెళ్ళింది. ఇరవై మీటర్లకి టేపుతో కొలిచి ముడి వేసింది. ఆరుగురిలో ఒకతి ఆసుపత్రిలో నర్సు. ఆ పిల్ల రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ వంగి, గీత వెంట అడుగడుగునా తాడు పరుస్తూ తిరిగారు. కుర్రాళ్ళు వచ్చేశారు.

"ఏంటక్కా, గ్రౌండుకి జాకెట్టు కుడుతున్నావా?"

"నీ నోటికి కూడా కుడతాను, ఉండు," అంది నర్సు.

విజిల్ సార్ వచ్చి నిలబడ్డాడు. ఆమె నిటారుగా లేచింది. చేతిలో తాడు చూపించింది.

"సార్, లోపలి గీత మీద ఒక చుట్టు నాలుగు వందల మీటర్లు. బయటి గీత మీద నాలుగు వందల నలభై నాలుగు. మేము రెండు చుట్లు తిరుగుతాం. అంటే ఎనభై ఎనిమిది మీటర్లు ఎక్కువ పరిగెత్తుతున్నాం. మీరేమో ఎనిమిది వందలకే టైము చూస్తున్నారు."

సార్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. తాడు తీసుకున్నాడు. తనే మోకాళ్ళ మీద కూర్చుని మలుపులన్నీ కొలిచాడు. అయ్యేసరికి ప్యాంటు నిండా సున్నం. విజిల్ నోట్లోంచి జారి ఛాతీ మీద వేలాడింది.

"లోపలిదే కొలిచాను," అన్నాడు. "మిమ్మల్ని బయటికి పంపినప్పుడు మళ్ళీ కొలవాలని తోచలేదు. పోయినేడు ముగ్గుర్ని పంపించేశాను కదమ్మా."

ఆయన లేచి పుస్తకం తెరిచాడు.

"సరే. మీ అందరికీ తలా ఇరవై ఐదు సెకన్లు తీసేస్తాను. టైలరక్కా, నువ్వు పాసు. ఇవాళ పరిగెత్తక్కర్లేదు."

గేటు దగ్గర ఆమె భర్త స్కూటరు ఆపుకుని నిలబడి ఉన్నాడు. ఆ మాట ఆయనా విన్నాడు. ఆమె తల ఊపేస్తే సరిపోయేది. పందెం గెలిచినట్టే. కానీ కాగితం మీద తీసేసిన సెకన్లు ఎవరో దయతలచి ఇచ్చినవి. ఆమె పరిగెత్తినవి కావు. దయ మీద మంటల్లోకి ఎలా వెళ్తుంది?

"తీసెయ్యొద్దు సార్. లోపలి గీత ఇవ్వండి."

"కుర్రాళ్ళుంటారమ్మా."

"ఉండనివ్వండి. మేమూ ఉంటాం."

విజిల్ మోగింది. మొదటి చుట్టు తేలిగ్గా పోయింది. రెండో చుట్టు సగంలో వెనక బూట్ల చప్పుడు. "అక్కా, సైడు! సైడు!" ఆమె కాళ్ళు వాటంతటవే పక్కకి జరగబోయాయి. వంటింటి గుమ్మంలో, బస్సులో, షాపు మెట్ల మీద, ఎక్కడైనా జరిగిన కాళ్ళు. పళ్ళు బిగించింది. గీత వదల్లేదు. కుర్రాడు విసుక్కుంటూ బయటి నుంచి చుట్టి వెళ్ళాడు. అతను చచ్చిపోలేదు. ఆమె పళ్ళూ రాలలేదు.

"మూడు నిమిషాల యాభై మూడు!" సార్ గొంతు చీలిపోయింది.

నర్సు ఆమె మెడ పట్టుకుని ఊపేసింది. సార్ పాత పుస్తకం తిరగేసి, ఆ ముగ్గురి ఫోన్ నంబర్లు వెతుకుతున్నాడు.

ఆమె నీళ్ళ సీసాతో గేటు దగ్గరికి వెళ్ళింది. ఆయన ముఖంలో నిజంగానే సంతోషం ఉంది.

"బాగా పరిగెత్తావు. మాటంటే మాటే, పరీక్షకి వెళ్ళు. అప్పటిదాకా పొద్దుటి వంటలో నేనూ కాస్త సాయం చేస్తాలే."

నిన్న అయితే ఆ మాటకి ఏడ్చేసేది. ఇవాళ సీసా ఎత్తి నీళ్ళు తాగింది. ఇద్దరికీ ఇరవై నాలుగు గంటలే. గడియారంలో తప్పు లేదు. ఆయన తిరిగే చుట్టు వేరు, తను తిరిగే చుట్టు వేరు. ఇన్నాళ్ళూ ఎవరూ తాడు వేసి చూడలేదు, అంతే.

మూత బిగించింది.

"సాయం వద్దండీ," అంది. "పొద్దుటి వంట ఇక మీ వంతు."