వేళ దాటిన కబురు

గుడ్డును దీపానికి అడ్డంపెట్టి, లోపలి ఎర్రటి నరాల గూడు కదులుతోందో లేదో చూసి, గుడ్లక్క దాన్ని పళ్ళెంలో పెట్టింది. పెంకుకు చిన్న కిటికీ కోసి ఇవ్వడం ఆమె పని. లోపలిది ఇంకా పిల్ల కాలేదు. రెక్క రావలసిన చోట చిన్న బొడిపె, అంతే. పరిశోధన చేసే మేడమ్ ఆ బొడిపెలోకి ఆవగింజ కన్నా చిన్న పూసను దూరుస్తుంది. పూసకు పట్టించిన పదార్థాన్ని ల్యాబులో అందరూ కబురు అంటారు. ఒక కణం పక్క కణానికి పంపే కబురు. అది అందితే లేని వేలు కూడా మొలుస్తుంది.

ఏళ్ళ తరబడి గుడ్లతోనే కాపురం కాబట్టి ఆమెకా పేరు. ఎవరేం చెప్పినా గుడ్లప్పగించి వింటుంది కాబట్టి అనేవాళ్ళూ లేకపోలేదు. సన్నటి మనిషి. స్పిరిటుతో తుడిచి తుడిచి వేళ్ళ కొసలు పగిలిపోయాయి.

"ఇది పక్కన పెట్టెయ్యక్కా," అంది మేడమ్ ఒక గుడ్డులోకి చూసి. "ఎక్కువ పెరిగిపోయింది. ఇప్పుడెంత కబురు పెట్టినా దీనికి వినపడదు."

గుడ్లక్క దాని కిటికీకి టేపు అంటించింది. పారెయ్యడానికి చెయ్యి రాక మళ్ళీ వెచ్చటి అరలోనే పెట్టింది.

మేడమ్ ఆ సాయంత్రమే వేరే ఊరి ల్యాబుకు వెళ్ళిపోతోంది. "ఇంతకీ ఏమనుకున్నావు? ఉద్యోగం ఖాయం. ఉండడానికి గది ఇస్తారు. నాతో వచ్చెయ్యి."

వెళ్ళాలని గుడ్లక్కకు ప్రాణం లాగేస్తోంది. "మా అత్తని ఎవరి నెత్తిన పెట్టి రమ్మంటారు మేడమ్?"

కట్టుకున్నవాడు ఎప్పుడో చెప్పాపెట్టకుండా పోయాడు. పోతూపోతూ తల్లిని మాత్రం భద్రంగా ఈమెకు అప్పగించి పోయాడు మహానుభావుడు. పక్షవాతంతో మాట పడిపోయినా అత్త మంచంలోంచే ఇల్లు ఏలుతుంది. పక్కనున్న స్టీలు గ్లాసు మీద చెంచాతో ఒకసారి కొడితే నీళ్ళు. ఆపకుండా కొడితే కోపం. ఆ చప్పుడుకు గుడ్లక్క గాఢనిద్రలోంచి కూడా లేచి కూర్చుంటుంది.

"అయితే రానంటావు."

"రాలేను మేడమ్."

మేడమ్ ఆమె భుజం తట్టి కారెక్కింది.

ఇంటి మలుపులో పక్కింటావిడ ఎదురొచ్చింది. "మధ్యాహ్నం పాలు పట్టుకెళ్ళాను. నిద్రపోతోందనుకున్నానమ్మా."

అత్త చెయ్యి మంచం మీంచి వేలాడుతోంది. చెంచా నేల మీద పడి ఉంది. గుడ్లక్కకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పొద్దున్నే పోకూడదా ముసలిదానా, అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడి, అప్పుడు ఏడ్చింది.

అంతా అయ్యాక మేడమ్ ఫోన్ చేసింది. "విన్నానక్కా. ఇక్కడ చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఇప్పుడింకేం అడ్డం?"

నిజమే, ఏ అడ్డమూ లేదు. ఇన్నేళ్ళూ కాచుకున్నది ఈ మాట కోసమే. గుడ్లక్క సరేనందామని నోరు తెరిచింది. లోపల ఏదీ కదల్లేదు. చెవులు మాత్రం పక్కగది వైపే ఉన్నాయి.

"ఇప్పుడు కుదరదు మేడమ్. ఇంట్లో..." అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఎప్పటిలాగే దుప్పటి సర్ది, తలుపు దగ్గరగా వేసి పనికి వెళ్ళింది. ఖాళీ మంచం పక్కన, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, నిండా నీళ్ళున్న గ్లాసు, దాని మీద తోమి పెట్టిన చెంచా.