వందకు నూట పదకొండు

నేను ఒక జవాబు పుస్తకాన్ని. ముప్పై రెండు పేజీలు, పైన మార్కులు వేసే గళ్లు. వరంగల్‌లోని ఒక ప్రెస్సులో నాతోపాటు నాలుగు వేల మంది తోబుట్టువులు పుట్టారు. పాపం, వాళ్లలో చాలామందికి నాలుగు పేజీలకు మించి సిరా దక్కలేదు. నా అదృష్టం వేరు. నేను నవనీత చేతిలో పడ్డాను.

నవనీత ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఏ పరీక్షలోనైనా ప్రణీత్ మొదటివాడు, ఈమె రెండోది. ఆ రోజు నన్ను చివరి గీత దాకా నింపేసి, అదనపు కాగితం అడిగి తెచ్చుకొని దారంతో నాకు కట్టింది. ఎంత గట్టిగా కట్టిందో! అయినా నాకు గర్వంగానే ఉంది.

లింగమూర్తి సార్ నన్ను దిద్దారు. మంచి మనిషే. అదనపు కాగితంలోని రెండు జవాబులకు పద్నాలుగు, పదిహేను వేశారు. అంతలో ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చాక ఆ రెండింటినీ పై గళ్లలోకి ఎక్కించడం మరిచిపోయి, మొత్తం అరవై రెండని వేసేశారు. నేనెంత మొత్తుకుంటే మాత్రం ఎవరికి వినపడుతుంది!

పేపరు కష్టంగా వస్తే సార్‌కు ఒక పద్ధతి ఉంది. క్లాసులో మొదటివాడికి వందకు ఎన్ని తగ్గాయో చూసి, అన్ని మార్కులు అందరికీ కలుపుతారు. ప్రణీత్‌కు ఎనభై వచ్చాయి కాబట్టి ఈసారి అందరికీ ఇరవై కలిపారు.

పేపర్లు చూపించే రోజు వచ్చింది. మనుషులదో వింత, తమ మార్కుల కంటే ముందు పక్కవాళ్లవి చూస్తారు. "నీకెన్ని? నీకెన్ని?" అని క్లాసంతా ఒకటే గోల. నవనీత మాత్రం నన్ను పేజీ పేజీ తిప్పింది. ఖాళీ గళ్లు కనబడగానే వేళ్ల మీద లెక్క వేసుకుంది.

"నస్రీన్, ఇటు చూడే. ఇరవై తొమ్మిది కలపలే. నాకు తొంభై ఒకటి!"

నస్రీన్ ఆమె ప్రాణస్నేహితురాలు. సంతోషంగా నవ్వబోయి ఆగిపోయింది. ఆమెకు వచ్చినవి ఇరవై రెండు. ఇరవై కలిస్తే నలభై రెండు, పాసు. నవనీత తొంభై ఒకటితో మొదటిదైతే అందరికీ కలిసేవి తొమ్మిదే. అప్పుడు నస్రీన్ తప్పినట్టే. తప్పితే వచ్చేవారం ఉద్యోగాల ఇంటర్వ్యూకు రానివ్వరు.

నవనీతకూ లెక్క అర్థమైంది. నన్ను మూసేసి, "పోనీలేవే" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండిపోయింది. అన్ని పేజీలు రాయించుకున్నది ఇందుకా!

నస్రీన్ ఊరుకుంటేనా? నన్ను లాక్కుని నేరుగా సార్ టేబుల్ మీద పెట్టింది. "సార్, మా నవనీతకు ఇరవై తొమ్మిది కలపలేదు. చూడుండ్రి."

సార్ చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. వెనక బెంచీల్లో కలకలం లేచింది. "సార్, కలిపిన మార్కులు తగ్గిస్తే మేం ఏడుగురం పోతం!"

"కూసోండ్రి," అన్నారు సార్. "తప్పు నాది. నా తప్పుకు మీకెందుకు శిక్ష? కలిపిన ఇరవై కలిపినట్టే ఉంటది. అందరికీ ఒకటే లెక్క, నవనీతకు కూడా."

ఎర్రపెన్ను తీసి నా మొదటి పేజీ మీద, అందరూ చూస్తుండగా రాశారు: తొంభై ఒకటి, ఇరవై, మొత్తం నూట పదకొండు.

"వందకు నూట పదకొండా సార్!" అన్నాడు ప్రణీత్. అంటూనే అందరికంటే ముందు చప్పట్లు మొదలుపెట్టాడు. నస్రీన్ నవనీతను గట్టిగా వాటేసుకుంది. ఇద్దరూ ఒకేసారి ఏడ్చారు, నవ్వారు. అబ్బ, ఆ క్షణం కోసం మళ్లీ పుట్టమన్నా పుడతాను!

ఆఫీసులో కంప్యూటర్ నూట పదకొండు తీసుకోనని మొండికేస్తే గుమాస్తా వంద వేసుకున్నాడట. వేసుకోనీ. నస్రీన్ ఇంటర్వ్యూకు వెళ్లింది, ఉద్యోగంతో తిరిగి వచ్చింది.

ఏడాది తిరిగాక మమ్మల్ని కట్టలు కట్టి పాత కాగితాల దుకాణానికి పంపారు. తూకం వేస్తూ దుకాణపామె నా మొదటి పేజీ దగ్గర ఆగింది. "వందకు నూట పదకొండు! ఎవలో గాని, గట్టి పిల్ల," అని నన్ను తక్కెడలోంచి తీసి పక్కన పెట్టుకుంది.

ఒక్కతి కాదమ్మా, ఇద్దరు.