పొడుగవుతున్న పిల్ల

తలంటుకున్న జుట్టు ఆరబెట్టుకుంటూ మా అమ్మాయి ముందుకు వంగి తువ్వాలుతో విదిలిస్తోంది. నేను మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. దాని చొక్కా వీపు మీదికి జారింది. కుడివైపు పక్కటెముకలు ఎడమవైపుకన్నా ఎత్తుగా, లోపల్నుంచి ఎవరో అరచేత్తో నెడుతున్నట్టు పైకి లేచి ఉన్నాయి. నా చేతిలో దిండు గలీబు అలాగే ఉండిపోయింది. ఆ వీపు నాకు తెలుసు. అది నా వీపు.

"ఏంటమ్మా అలా చూస్తున్నావ్?"

"ఏం లేదు. నిటారుగా నిలబడు."

ఆ మాట నాది కాదు, మా అమ్మది. "నిటారుగా నిలబడవే, ఆ వంకర నిలుపేంటి?" అని నా చిన్నప్పుడు రోజూ అనేది. నా ఒళ్ళు నా బద్ధకంవల్లే వంగిపోయిందని ముప్పై ఏళ్ళు నమ్మాను. నేను పనిచేసే బట్టల దుకాణంలో కొత్త రకాలు భుజాన వేసి చూపించే పని నాకివ్వరు. "నువ్వు వేసుకుంటే బట్టే వంకరనుకుంటారు, నువ్వెళ్ళి మడతలు పెట్టు" అంటాడు యజమాని, నవ్వుతూనే. నేనూ నవ్వుతాను.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూపించింది. వెన్నెముక వంపు ఇరవై డిగ్రీలట. "నిలబడే తీరువల్లో, పుస్తకాల సంచివల్లో రాదమ్మా ఇది. చాలామందిలో ఎందుకొస్తుందో మాకూ సరిగ్గా తెలీదు. కొన్ని కుటుంబాల్లో వస్తుంటుంది. కానీ ఈ పిల్ల ఇంకా పెద్దమనిషి కాలేదు. జోరుగా పొడుగయ్యే కాలం ఇదే. ఎత్తుతోపాటు వంపూ పెరగొచ్చు. నాలుగు నెలల్లో మళ్ళీ తీసుకురండి" అంది.

ఎవరి తప్పూ కాదన్నమాట. ఆ మాట మా అమ్మకి చెబుదామంటే ఆవిడ లేదు.

ఆ నాలుగు నెలలూ ఇంట్లో అందరూ మురిసిపోయే మాటకి నేనొక్కదాన్నే ఉలిక్కిపడ్డాను. "మన పిల్ల తాడిచెట్టులా ఎదుగుతోందర్రా!" అనేది అత్తగారు. మా ఆయన దాన్ని పక్కన నిలబెట్టుకుని "నా భుజం దాకా వచ్చేసిందే!" అని పొంగిపోయేవాడు. దాని బడి ప్యాంటు అంచు విప్పి పొడుగు చేస్తూ, ఎన్ని వేళ్ళు పెరిగిందో కొలిచేదాన్ని. అది వంటింట్లోంచి హాల్లోకి నడుస్తూంటే, వెనకాలే అదే ఈడు పిల్ల ఇంకొకతె, ఒకప్పటి నేను, నడుస్తున్నట్టుండేది. పిలిస్తే పలకదు. తిరిగి చూడదు. ఒక భుజం ఎత్తి, నాకు వీపు చూపిస్తూ నడుస్తుంది, అంతే.

రెండో ఎక్స్‌రేలో వంపు ఇరవై తొమ్మిదికి చేరింది. చంకల కిందినుంచి తుంటి దాకా బిగించే గట్టి ప్లాస్టిక్ బ్రేస్ వెయ్యాలంది డాక్టరమ్మ. "ఉన్న వంపు పోతుందని చెప్పను. ఇంతటితో ఆగే అవకాశం ఎక్కువ. ఎదుగుదల ఆగేదాకా, రోజులో ఎక్కువభాగం వేసుకోవాలి."

ఇంట్లో అగ్గి రాజుకుంది. "బడికి ఆ డొప్ప తొడుక్కుని వెళ్తుందా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు మా ఆయన. "ఎదిగే పిల్లని బిగించి కడతారటమ్మా, విడ్డూరం!" అంది అత్తగారు. ఇవన్నీ నేను ఊహించినవే. ఊహించనిది మా అమ్మాయి ఏడుస్తూ అన్న మాట.

"నాకొద్దు! అమ్మకీ ఇలాగే ఉంది కదా. అమ్మ ఏ డొప్పా వేసుకోలేదుగా. అమ్మకేమైంది? బాగానే ఉందిగా!"

"అదీ మాట!" మా ఆయన అందుకున్నాడు. "మీ అమ్మ ఇల్లూ, ఉద్యోగమూ రెండూ నెట్టుకురావట్లా? నొప్పని ఒక్కరోజైనా మంచమెక్కిందా?"

నిజమే, ఎక్కలేదు. దుకాణం మెట్ల మధ్యలో ఊపిరందక ఆగినప్పుడల్లా చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు నటించాను. గిన్నెలు తోముతూ మోచేతి మీద బరువంతా మోపి నిలబడ్డాను. అత్తగారిని పట్టుకుని లేపి స్నానం చేయించాక, గది గొళ్ళెం పెట్టుకుని చల్లని నేల మీద వెల్లకిలా పడుకుని, ఎవరో పిలిచేలోగా లేచి బొట్టు సర్దుకుని బయటికొచ్చాను. ఎంత ఓర్పో అని అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. ఇప్పుడా ఓర్పే నా కూతురికి ఎదురుగా నిలబడి సాక్ష్యం చెబుతోంది.

పొయ్యి ఆర్పేశాను.

"ముందు వడ్డించు, తర్వాత చూద్దాంలే" అన్నాడు ఆయన.

వడ్డించలేదు. వెళ్ళి అమ్మాయి పక్కన కూర్చుని, దాని చెయ్యి తీసుకుని నా నడుము మీద, పక్కటెముకలు దిగజారి తుంటిని తాకేచోట పెట్టాను. వెనక్కి లాక్కోబోయింది. లాక్కోనివ్వలేదు.

"ఎల్లుండి నువ్వూ నేనూ బ్రేస్ కొలతలకి వెళ్తున్నాం. దానికంటే ముందు, అమ్మకేమైందని అడిగావుగా, చెప్తాను. నాన్న కూడా విననీ. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఆ మాట అడిగింది నువ్వొక్కదానివే."