మెట్లెక్కే అక్షరాలు

ఖాళీ చేయించిన ఆ మేడ ముందు నుంచి వెళ్ళాల్సిన పని టైలరమ్మకు లేదు. ఇప్పుడు అద్దెకుంటున్న గది నుంచి కుట్టిన బట్టలిచ్చే దుకాణానికి వేరే దారి ఉంది, దగ్గర దారి కూడా. అయినా కాళ్ళు ఇటే లాక్కొస్తాయి. గోడ మీద తన చిరునామా ఉందో లేదో చూసుకునేదాకా తోచదు.

ఆ రోజు లేదు. దాని మీద బూడిదరంగు పూసేసి ఉంది.

మేడ పాతబడిపోయిందని అందరినీ లేవగొట్టినప్పుడు, పోయేవాళ్ళు తలుపు పక్క గోడ మీద తాము ఎక్కడికి పోతున్నదీ రాసి పోయారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కింది వాటాలో గడియారాలు బాగుచేసే ఆయన బొగ్గుతో రాశాడు. పై వాటా నర్సు గోళ్ళరంగుతో రాసింది. ఉత్తరాలొచ్చినా, చుట్టాలొచ్చినా దారి తెలియాలని. టైలరమ్మ మాత్రం ఒక్క మనిషి కోసం రాసింది.

ఆమె చెల్లెలు చెప్పి రాదు. ఎక్కడెక్కడో పనులు చేసి, విసుగు పుట్టినప్పుడు ఒక సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. కొన్నాళ్ళుంటుంది, ఏదో మాటకు అలుగుతుంది, చెప్పకుండానే పోతుంది. పోయినసారి మెట్ల దాకా సాగనంపనివ్వను కూడా లేదు. ఫోను దాని చేతిలో నిలవదు, అమ్ముకుంటుందో, పారేసుకుంటుందో. దానికి తెలిసిన అక్క ఇల్లు ఈ భూమ్మీద ఇదొక్కటే. వచ్చి, తాళం చూసి వెనక్కి తిరిగిందంటే ఇంక ఎక్కడని వెతకాలి?

మునిసిపాలిటీ వాళ్ళ గొడవ వేరు. మనుషులు లేని ఇంటి గోడ మీద రాతలుంటే ఇంటి యజమాని చెరిపించాలి. యజమాని అజాపజా లేడు కాబట్టి వాళ్ళే వచ్చి చెరుపుతారు. శుభ్రంగా కనబడ్డ గోడ ఊరుకోదు కదా, ఊళ్ళో వాళ్ళందరినీ పిలుస్తుంది. ఒకడు కోరలున్న మొహం గీస్తాడు, ఇంకొకడు తన పేరూ ప్రియురాలి పేరూ రాస్తాడు, మరొకడు మొలలకు మందు ఎక్కడ దొరుకుతుందో రాస్తాడు. వాటి మధ్యలో టైలరమ్మ, బట్టల సంచిలోంచి నల్లరంగు డబ్బా తీసి, మళ్ళీ తన చిరునామా. వాళ్ళు మళ్ళీ చెరపడం. ఈ తంతుతో ఆమెకు మోకాళ్ళు అరిగాయి, ప్రాణం విసిగింది.

గోడ దగ్గర రంగు వేసే మనిషి బ్రష్షు కడుక్కుంటున్నాడు. ఇద్దరు వడ్రంగులు తలుపుకు అడ్డంగా చెక్కలు కొట్టేసి, నిచ్చెన మోసుకుని వెళ్ళిపోతున్నారు.

"నాయనా, ఇది చెరిపింది నువ్వేనా?"

"నేనే పెద్దమ్మా. మొన్న ఇది వేశాను, ఇవాళ పక్క గోడ. రాసేది నువ్వేనా?" అతను తలెత్తి చూశాడు. "ఎవరో కుర్రకుంకలనుకున్నా. ఎన్నిసార్లు చెరిపినా మళ్ళీ రాస్తావు, నీకేం పనిలేదా?"

"నా పనే అది."

"పోనీలే. ఈసారి నీకు తోడు కూడా దొరికింది."

"తోడేమిటి?"

"నీ నల్లరాత కింద నీలం సుద్దతో ఇంకెవరో రాశారు. పొట్టి పొట్టి వరసలు, ఒకదాని కింద ఒకటి. నీ రాతలాగే."

టైలరమ్మ సంచి కింద పెట్టింది. "ఏమని రాశారు?"

"చదవలేదు."

"నీకు చదువు రాదా?"

"వచ్చు. చదవను." బ్రష్షు విదిలించాడు. "మొదట్లో చదివేవాణ్ణి. ఎవడో చచ్చిపోయిన స్నేహితుడి పేరు రాసి, కింద నాలుగు ముక్కలు రాశాడు. దాని మీద రంగు వెయ్యడానికి చెయ్యాడక సాయంత్రం దాకా కూర్చున్నా. మా సారు నానా మాటలూ అన్నాడు. అప్పట్నుంచీ అక్షరాలను గీతల్లాగే చూస్తాను. చదివితే ఈ ఉద్యోగం సాగదు."

పక్క సందులో కొట్టు పెట్టుకున్న గడియారాలాయన, వీళ్ళ మాటలు విని, ఒక కంటికి భూతద్దం అలాగే ఉంచుకుని వచ్చాడు.

"ఏం చెల్లెమ్మా, మళ్ళీ గోడకు చాకిరీయేనా?"

సంగతి విని తల ఊపాడు. "ఆ నీలం రాత మొలల మందువాడిదే అయ్యుంటుంది. మీ చెల్లెలే అయితే, పైన మీ చిరునామా చూసి సరాసరి గదికే వచ్చేది కదా. రాసి పోవడమెందుకు?"

"మీరు ఊరుకోండి అన్నయ్యగారూ."

ఆమె మొహం చూసి రంగతను లప్పం బద్ద తీశాడు. రంగు గీకితే నీలం బయటపడుతుందేమోనని మెల్లగా గీకాడు. కొత్త రంగుతోపాటు సుద్ద, సుద్దతోపాటు పాత రంగు, దానితో సున్నం, ఇసుక అన్నీ కలిసి పెచ్చుగా ఊడి కాళ్ళ దగ్గర పడ్డాయి. ఇటుక కనబడింది.

"లాభం లేదు పెద్దమ్మా."

ఆమె వెనక్కి జరిగి రంగు పూసిన మేరంతా చూసింది. పై భాగం నలుపలకలుగా, తిన్నగా ఉంది. అది తన చిరునామా ఉన్న చోటు. దాని కింది భాగం తిన్నగా లేదు. ఎడమవైపు మోకాలి ఎత్తున మొదలై, కుడికి పోనుపోను పైకి లేచి, ఆ చివర మోచేయిలాగా బయటికి పొడుచుకొచ్చింది.

"ఇక్కడ ఇలా వంకరగా ఎందుకు వేశావు?"

"రాత ఎంత మేర ఉంటే అంతే వేస్తాం. ఎక్కువ వేస్తే రంగు చాలదు. ఆ రాత అలాగే ఉంది మరి, నిచ్చెనెక్కుతున్నట్టు."

టైలరమ్మ గట్టు మీద కూర్చుంది.

చెల్లెలు చిన్నప్పుడు గీతల కాగితం మీద కూడా గీత వెంట రాసేది కాదు. కుడిచేతి వైపు పోయేకొద్దీ అక్షరాలు పైకి పోయేవి. "ఎక్కడికే ఆ మెట్లెక్కడం, మేడ మీదికా?" అనేది అమ్మ. చిన్నదాని చేతి కింద స్కేలు పెట్టి పట్టుకోవడం అక్క పని. స్కేలునూ తోసుకుని ఎక్కేవి.

"వచ్చింది," అంది నెమ్మదిగా.

గడియారాలాయన భూతద్దం తీసి జేబులో వేసుకున్నాడు.

పొట్టి పొట్టి వరసలు, ఒకదాని కింద ఒకటి. తిట్లయితే అలా రాయరు. చిరునామా అయితేనే అలా రాస్తారు. దానికీ ఎక్కడో ఒక గది దొరికిందన్నమాట. ప్రతిసారీ నేనే రావాలా, ఈసారి నువ్వు రా అని రాసి పోయిందన్నమాట. ఇప్పుడది ఎక్కడో కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది. అక్క చదివి కూడా రాలేదనుకుంటుంది. అలక ఇంక ఈ జన్మకు తీరదు.

"ఈ గోడ మీద మళ్ళీ రాస్తే మళ్ళీ చెరుపుతావు, అంతేనా?"

"చెరపాల్సిందే. త్వరలో పడగొడతారట. పడగొట్టేదాకా శుభ్రంగా ఉంచాలట." రంగతనికే నవ్వొచ్చింది, ఓపిక లేని నవ్వు. తర్వాత తలుపు మీద కొత్త చెక్కల వైపు గడ్డంతో చూపించాడు. "ఆ చెక్కలు మాత్రం మా పని కాదు. కాంట్రాక్టరువి. మేం ముట్టుకోం, వాళ్ళు మేకులు కొట్టాక మళ్ళీ ఇటు చూడరు."

ఆమె నల్లరంగు డబ్బా మూత తీసింది. గడియారాలాయన డబ్బా పట్టుకున్నాడు. చెక్కల మీద ఎడమవైపు, పైన, పెద్దపెద్ద అక్షరాలతో రాసింది. రాయడమయ్యాక రంగతనితో అంది, "రోడ్డు అవతల నిలబడి చూడు నాయనా. కనబడుతుందా?"

"కనబడుతుంది."

"చదువు."

అతను బడిలో నిలబెట్టిన పిల్లవాడిలా చేతులు కట్టుకుని చదివాడు: "నువ్వు రాసింది చెరిపేశారు. నేను చదవలేదు. మళ్ళీ రాయి. అక్క."

చదివి ఇవతలికొచ్చాడు. గడియారాలాయన వెంటనే తగులుకున్నాడు. "కింద అంతా వదిలేశారేం చెల్లెమ్మా? కుడివైపు కూడా పై దాకా ఖాళీ. ఇంకొంచెం పెద్దగా రాయాల్సింది."

"దానికి ఆ చోటు కావాలి," అంది టైలరమ్మ, డబ్బా మూత బిగిస్తూ.

సంచి భుజానికెత్తుకుని రెండడుగులు వేసి ఆగింది. "గోడ మీద మళ్ళీ నీలం రాత కనబడితే చదువు నాయనా. చదివి, ఆ తర్వాత చెరుపు."

రంగతను ఊడిన పెచ్చులను కాలితో ఒక పక్కకు నెట్టాడు.